నూటికి ఇరవై

మా మామగారు పోలీసు శాఖలో చేరింది కానిస్టేబులుగానే అయినా, సర్వీసులో చాలాభాగం స్టేషన్ రైటరుగానే గడిచింది. లాఠీ కన్నా పెన్ను ఎక్కువ పట్టిన చెయ్యి. ఎస్సైలు వస్తుంటారు, పోతుంటారు, రైటరు ఉంటాడు. వచ్చిన ఫిర్యాదు ఎఫ్ఐఆర్ కావాలన్నా, జనరల్ డైరీలో రెండు ముక్కలతో సరిపోవాలన్నా, అసలు ఏదీ కాకుండా వచ్చినవాడు వచ్చినదారినే పోవాలన్నా కిటుకంతా రైటరు దగ్గరే ఉంటుందని ఆయనే చెబుతారు. గొప్పగానే చెబుతారు. "పాయింటు మా లిమిట్స్‌లోది కాదు" అన్న ఒక్క ముక్కతో, గోదావరికి ఇటు ఒడ్డున పోయిన సైకిళ్ళని ఎన్నిటినో అటు ఒడ్డు స్టేషనుకి సాగనంపిన ఘనుడు. హెడ్ కానిస్టేబులుగా రిటైరయ్యారు. ఊళ్ళో ఇప్పటికీ అందరికీ ఆయన హెడ్డుగారే.

అలాంటి మనిషిని తీసుకొచ్చి టోక్యోలో పడేశాం.

మేముండేది నిషి కసాయ్‌లో. టోక్యోలో తెలుగు వినపడే చోటు ఏదంటే ముందు ఇదే చెప్పాలి. 2000 సంవత్సరం వస్తే కంప్యూటర్లు తిరగబడతాయని భయపడి ఇక్కడి కంపెనీలు మనవాళ్ళని పిలిపించుకున్న రోజుల్లో, తోజాయ్ లైను మెట్రో ఎక్కితే ఆఫీసులుండే ఓతెమాచికి నేరుగా పోవచ్చని ఈ పేటలో ఇళ్ళు తీసుకున్నారట. వాళ్ళ వెనకే కందిపప్పు, కరివేపాకు, ఇండియన్ స్కూళ్ళు వచ్చాయి. మా చిన్నిని మాత్రం ఇక్కడి మామూలు బడిలోనే వేశాం. మూడో తరగతి. ఇంట్లో తెలుగు, వీధిలో జపనీసు, రెండూ గడగడా మాట్లాడుతుంది. బడికి ఒక్కతే నడిచి వెళ్తుంది, ఒక్కతే వస్తుంది. ఇక్కడి పిల్లలంతా అంతే.

బడికీ ఇంటికీ మధ్య ఒక కోబాన్ ఉంది. కోబాన్ అంటే ఒక చిన్న గది పోలీసు ఔట్‌పోస్టు. 1874లో టోక్యోలో మొదలైన పద్ధతి. ఇప్పుడు దేశమంతటా కలిపి ఆరు వేలకు పైనే ఉన్నాయి. గుమ్మం మీద ఎర్ర దీపం, లోపల ఒక బల్ల, గోడకి పేట మొత్తం పటం, బయట వెనక తెల్ల పెట్టె బిగించిన సైకిలు. దారి అడిగేవాళ్ళు, గొడుగు పారేసుకున్నవాళ్ళు, రోడ్డు మీద దొరికిన తాళంచెవి ఇచ్చిపోయేవాళ్ళు... వచ్చేవాళ్ళలో ఎక్కువమంది వీళ్ళే.

మామగారికి టోక్యో టవరూ పట్టలేదు, చక్రవర్తి కోటా పట్టలేదు. ఎక్కడ కోబాన్ కనపడితే అక్కడ ఆగిపోయేవారు. చేతులు వెనక కట్టుకుని, తనిఖీకి వచ్చిన పెద్ద ఆఫీసరు ఫక్కీలో లోపలికి తొంగిచూసేవారు. "లాకప్పు ఏదండీ?" "లేదు మామయ్యగారూ, అది పెద్ద స్టేషనులో ఉంటుంది." "మరి చెట్టు కింద ఎవరూ కూర్చోలేదేం?" "ఎవరు కూర్చోవాలి?" "పిటిషనుదార్లు." నిన్న ఒక్కరోజులో నగరంలో రోడ్డు ప్రమాదాల్లో ఎందరు పోయారో, ఎందరికి దెబ్బలు తగిలాయో అంకెలు వేసిన బోర్డు కోబాన్ బయట ఉంటుంది. అదేమిటో చెప్పినప్పుడు మాత్రం ఆయనకి నిజంగానే బాధ కలిగింది. "లెక్కలు తీసుకెళ్ళి వీధిలో పెట్టుకుంటారటండీ! బుర్రున్నవాడెవడైనా?"

ఒక రాత్రి భోజనాల దగ్గర పోయిన వస్తువుల చట్టం మాట వచ్చింది. రోడ్డు మీద దొరికిన వస్తువుని ఏడు రోజుల్లోగా పోలీసులకి అప్పగిస్తే, సొంతదారు దాని విలువలో నూటికి ఐదు నుంచి ఇరవై దాకా దొరికినవాళ్ళకి ఇచ్చుకోవాలి. సొంతదారు ఎవరో మూడు నెలల్లో తేలకపోతే మామూలుగా ఆ వస్తువు దొరికినవాళ్ళదే అయిపోతుంది. 2007 వరకూ ఇది ఆర్నెల్లు. 2023లో ఒక్క టోక్యోలోనే జనం పోలీసులకి తెచ్చి ఇచ్చిన నగదు 400 కోట్ల యెన్‌లు దాటిందని నేను చెబుతుంటే మామగారు ముద్ద కలపడం ఆపేశారు.

"ఎంతన్నారు? నూటికి ఇరవయ్యా?"

"ఇరవై దాకా."

"మా దగ్గరా అంతే."

"మన దగ్గర అలాంటి చట్టం ఎక్కడుంది మామయ్యగారూ?"

"చట్టం లేదు. రేటు ఉంది." ఆయన ముఖం వెలిగిపోయింది. "దొంగ దగ్గర రికవరీ అయిన సొత్తు కోర్టు నుంచి విడిపించుకోవాలంటే ఎన్ని కాయితాలు! పంచనామా, ప్రాపర్టీ ఫారం, రిపోర్టు... ఇవన్నీ రాసేదెవరు? రైటరు. నూటికి ఇరవై. సరిగ్గా ఈ జపానోడి లెక్కే. కాకపోతే తీసుకెళ్ళి దొరికినవాడి చేతిలో పెట్టి పాడుచేశాడు."

చిన్ని పెరుగన్నంలోంచి తలెత్తింది. "ఇరవై కన్నా తగ్గించేవాడివి కాదా తాతయ్యా?"

"పైసా తగ్గేది కాదు అమ్మడూ. ఒకడికి తగ్గిస్తే ఊరంతా బేరాలకి దిగుతుంది."

అత్తయ్యగారు "పిల్లకి చెప్పే మాటలా అవి" అని గదమాయించారు. అప్పటికే చిన్ని తాతగారి సర్వీసు కథల్లో దీన్ని కూడా దాచుకున్నట్టుంది.

ఆయన ప్రయాణానికి ముందు నేనొక బీమా పాలసీ తీసి పంపాను. పెద్దవాళ్ళు కదా, ఒంట్లో బాగోకపోతే ఇక్కడి ఆసుపత్రి ఖర్చు తట్టుకోలేమని. ఆ పాలసీని ఆయన విమానంలో చదువుకుంటూ వచ్చారు. రైటరు చదివే చదువు వేరు. సన్నక్షరాల్లోకి ముందు దిగుతాడు. జ్వరాలు, ఆపరేషన్లు ఉన్న పేజీలు శుభ్రంగా ఉన్నాయి. వెంట ఉన్న వస్తువులు పోతే పరిహారం అన్న చోట మాత్రం పెన్సిలుతో రెండు గీతలు. 24 గంటల్లోగా స్థానిక పోలీసులకి ఫిర్యాదు ఇవ్వాలన్న చోట మూడు.

ఆయన దగ్గర ఒక డిజిటల్ కెమెరా ఉంది. రిటైరైన రోజు స్టేషన్లో అందరూ తలా కాస్తా వేసుకుని కొనిచ్చింది. జూమ్ సగంలో ఆగి మూలుగుతుంది. పట్టీకి అత్తయ్యగారు దిష్టి తగలకుండా నల్ల కాశీదారం మూడు ముళ్ళు వేసి కట్టారు. దాన్ని మెళ్ళో వేసుకునే అసకుసా గుడికి వచ్చారు. కామినారిమోన్ ద్వారం దగ్గర వేలాడే ఆ పెద్ద ఎర్ర లాంతరు కింద మమ్మల్ని నిలబెట్టి ఫోటో తీశారు. తర్వాత అంగళ్ళ వరసలో జనం ఒత్తిడి. చీకటిపడ్డాక ఇంటికొచ్చాం.

మర్నాడు మధ్యాహ్నం ఆఫీసుకి ఫోను. "అల్లుడుగారూ, కెమెరా పోయింది. ఆ గుడి దగ్గరే ఎవడో కొట్టేశాడు."

సాయంత్రం నేనొచ్చాక వెళ్దామన్నాను. "అప్పటికి 24 గంటలు దాటిపోతాయి. నేను చూసుకుంటాను లెండి, మన డిపార్టుమెంటే కదా" అన్నారు. చిన్ని బడి నుంచి రాగానే దుబాసీగా వెంటబెట్టుకుని, బనీను లోపలి జేబులో పాస్‌పోర్టు పెట్టుకుని (విదేశం నుంచి చూడ్డానికి వచ్చినవాళ్ళు అది ఎప్పుడూ వెంట ఉంచుకోవాలని ఇక్కడి చట్టం) కోబాన్‌కి బయల్దేరారు.

అక్కడ జరిగింది ఆ రాత్రి తాతా మనవరాలూ చెరో సగం చెప్పారు.

గుమ్మం ఎక్కుతూనే మామగారు పందెం కాశారట. "అసకుసా మా లిమిట్స్ కాదంటాడు చూడు." కుర్రాడు, పాతికేళ్ళుంటాయేమో, లేచి వంగి నమస్కారం పెట్టి కుర్చీ వేశాడు. ఎక్కడ పోయినా ఏ కోబాన్‌లోనైనా రాయించుకోవచ్చన్నాడు. మామగారు మొదటి పందెం ఓడిపోయారు. "కొట్టేశారని చెప్పమ్మడూ" అన్నారు. చిన్ని చెప్పింది. కుర్రాడి ముఖం మారిపోయింది. దొంగతనమైతే పెద్ద స్టేషను నుంచి డిటెక్టివులని పిలుస్తాననీ, ఏ కొట్టు ముందు, ఎన్ని గంటలకి, పక్కన ఎవరున్నారు, పెద్దాయన అసకుసా దాకా వచ్చి చోటు చూపించగలరా అనీ ఫోను అందుకోబోయాడు. ఒక పాత కెమెరా కోసం పోలీసులు కదిలిరావడం మామగారు సర్వీసులో ఎన్నడూ చూళ్ళేదు. "వద్దు వద్దు, ఎక్కడో పడిపోయింది. పోయిందని రాసుకోమను చాలు."

ఇక ఫారం. రంగేమిటి, కంపెనీ ఏమిటి, గీతలున్నాయా, గుర్తులున్నాయా. ఇక్కడ మాత్రం మామగారు విజృంభించారు. పోయిన వస్తువుని అంత క్షుణ్ణంగా వర్ణించినవాణ్ణి ఆ కుర్రాడు చూసి ఉండడు. కింది మూల నొక్కు, తెర మీద వెంట్రుకవాసి గీత, పట్టీకి నల్లదారం, మూడు ముళ్ళు. దారం అర్థం కాక కుర్రాడు ఫారం అంచున చిన్న బొమ్మ గీసి, ఇలాగేనా అని అడిగాడు. అలాగే.

"విలువ ఎంత అంటున్నారు తాతయ్యా."

"డెబ్బై వేలు."

"రూపాయలా, యెన్‌లా?"

"యెన్‌లే."

"కొత్తదా అంటున్నారు."

"పోయిన వస్తువు ఎప్పుడూ కొత్తదే అమ్మడూ. కొత్తదనే చెప్పు."

పావుగంటలో అయిపోయింది. ఫిర్యాదు నంబరు రాసిన చీటీ చేతిలో పెట్టాడు. బీమా వాళ్ళకి ఆ నంబరు చాలన్నాడు. పిల్లకి ఒక స్టిక్కరు ఇచ్చాడు. గుమ్మం దాకా వచ్చి మళ్ళీ వంగాడు.

మామగారికి ఆ రాత్రి అన్నం సహించలేదు. "కాయితం వాడిదే, పెన్ను వాడిదే. కుర్చీ వేశాడు. ఒక్క యెన్ అడగలేదు. ఏమీ పుచ్చుకోకుండా రాసిన కంప్లయింటుకి బలం ఉంటుందంటారా అల్లుడుగారూ?"

మర్నాడు సాయంత్రం నేనూ మా ఆవిడా ఆఫీసుల నుంచి వచ్చిన కాసేపటికి గంట మోగింది. తలుపు తీస్తే ఆ కుర్రాడే. టోపీ సరిచేసుకుని నడుము దాకా వంగాడు. కింద గోడవారగా తెల్ల పెట్టె సైకిలు. చేతిలో పారదర్శకంగా ఉన్న చిన్న ప్లాస్టిక్ కవరు, అందులో వెయ్యి యెన్‌ల నోటు ఒకటి. మన లెక్కలో ఐదారొందలు. నిన్న రాసిన ఫారాన్ని మళ్ళీ చూస్తుంటే మడతలో ఇది కనిపించిందనీ, పెద్దాయన మరిచిపోయి వెళ్ళినట్టున్నారనీ, పరాయి దేశంలో డబ్బు కనపడక ఎంత కంగారు పడుతున్నారోనని డ్యూటీ దిగేలోపు తెచ్చాననీ చెప్పాడు. దాంతోపాటు ఒక రసీదు. వస్తువు: నోటు ఒకటి. దొరికిన చోటు: కోబాన్ బల్ల మీద. ముట్టినట్టు పెద్దాయన సంతకం పెట్టాలి.

నాకు గొంతు తడారిపోయింది. జపాన్ శిక్షాస్మృతి 198వ సెక్షను ప్రకారం అధికారికి లంచం ఇవ్వజూపినవాడికి మూడేళ్ళ దాకా జైలు. కుర్రాడి ముఖంలోకి చూశాను. తెలిసి ఇలా రాశాడో, తెలియకే రాశాడో! ఇక్కడ ఎంతకాలం ఉన్నా ఈ ముఖాలు చదవడం నాకు రాలేదు.

"ఏమిటటండీ?" మామగారు పంచె సర్దుకుంటూ వచ్చారు. నోటు చూసి నవ్వారు. "తక్కువైందంటాడా? స్టేషనరీ ఖర్చులకని పెట్టానని చెప్పండి."

"మామయ్యగారూ, మూడేళ్ళు జైలు."

"పాపం, కుర్రాడికా?"

"ఇచ్చినవాళ్ళకి."

"ఇచ్చినవాళ్ళకా!" ఇదెక్కడి అన్యాయమన్నట్టు చూశారు. మన దగ్గరా 2018 సవరణతో ఇచ్చినవాడికీ శిక్ష పడుతుంది గానీ, అప్పటికే ఆయన రిటైరైపోయారు. గొంతు తగ్గించి, "మరిచిపోయాననే చెప్పండి" అన్నారు.

చెప్పాను. కుర్రాడు హాయిగా ఊపిరి పీల్చుకున్నట్టే కనిపించాడు. రసీదు, పెన్ను రెండు చేతులతో అందించాడు. మామగారు సంతకం పెడుతుంటే మా ఆవిడకి మర్యాద గుర్తొచ్చింది. ఇంత దూరం తొక్కుకుంటూ వచ్చినవాణ్ణి వట్టి చేతులతో పంపడమేమిటని, "చిన్నీ, తాతయ్య సూట్‌కేసులో అరిసెల డబ్బా ఉంది, పట్రా" అంది.

"నే తెస్తానుండవే" అంటూ అత్తయ్యగారు మోకాళ్ళ మీద చేతులు ఆనించి లేవబోయారు. మామగారి పెన్ను ఆగింది. "ఎందుకమ్మాయీ, డ్యూటీలో ఉన్నవాళ్ళు తినరు" అన్నారు. అది నిజమే, కుర్రాడు కూడా అదే చెబుతున్నాడు. కానీ చిన్ని అప్పటికే లోపలికి పరిగెత్తింది.

పోలీసంటే ఇక్కడి పిల్లలకి భయం లేదు. ఒమావారిసాన్ అని పిలుస్తారు, ఎదురైతే చెయ్యి ఊపుతారు. మా ఇంటికి ఒమావారిసాన్ వచ్చాడంటే రేపు క్లాసులో ఎవరూ నమ్మరని దానికి అనిపించినట్టుంది. గుమ్మంలోకి అరిసెలు రాలేదు.

తళుక్కున ఫ్లాషు వెలిగింది. సగంలో ఆగిన జూము మూలిగింది.

మేమంతా అటు తిరిగాం. చిన్ని కెమెరా దించి, "దొరికిందోచ్!" అంది. పట్టీ అంచున నల్లదారం ఊగుతోంది. మూడు ముళ్ళు.

కుర్రాడు నిన్న బొమ్మ గీసినవాడు కదా, ముందు దారం చూశాడు. తర్వాత కెమెరా చూశాడు. తర్వాత మామగారి వైపు తిరిగి, ఎంతో సంతోషంగా, ఇంకా కిందికి వంగాడు. దొరికిందా, ఎంత మంచి వార్త, అభినందనలు! అయితే నిన్నటి ఫిర్యాదు రద్దు చేసుకోవాలి, రెండే రెండు ప్రశ్నలు అంటూ జేబులోంచి నోటుపుస్తకం తీశాడు. ఎవరికి దొరికింది?

"నాకే" అంది చిన్ని.

ఎక్కడ?

"తాతయ్య సూట్‌కేసులో. అరిసెల డబ్బా కింద. పంచెలో చుట్టి, పైన తువ్వాలు కట్టి ఉంది."

కుర్రాడి పెన్ను ఒక్క క్షణం ఆగింది. తర్వాత మూడు వస్తువులూ వరసగా, అందంగా రాసుకున్నాడు. మా ఆవిడ వాళ్ళ నాన్న వైపు చూడలేదు, పైకప్పు వైపు చూసింది. వంటింట్లో అత్తయ్యగారు గిన్నెలు గట్టిగా సర్దుతున్నారు.

"పిల్లలు, ఏదో ఆటలో ఎక్కడో పెట్టి ఉంటుందని చెప్పండి" అన్నారు మామగారు.

నేను నోరు తెరిచేలోపే కుర్రాడు మోకాళ్ళ మీద కూర్చుని చిన్ని ఎత్తుకి వచ్చాడు. పెద్ద విషయం చెప్పే ముందు సర్దుకున్నట్టు టోపీ సర్దుకున్నాడు. పోయిన వస్తువుని కనిపెట్టి, పోలీసుల ఎదుట సొంతదారుకి అప్పగించిన నీకు ఒక హక్కుంది, ఆ వస్తువు విలువలో నూటికి ఐదు నుంచి ఇరవై దాకా బహుమానం అడగొచ్చు, అడుగుతావా, వదులుకుంటావా అని అడిగాడు. అతని కళ్ళలో అప్పుడు కనపడింది నవ్వేనా అంటే నేను సాక్ష్యం చెప్పలేను.

చిన్ని ఆలోచించలేదు. మామగారి చేతిలోంచి ప్లాస్టిక్ కవరు తీసుకుంది. జపనీసులో గబగబా ఏదో చెప్పింది. కుర్రాడు తల ఊపుతూ రాసుకున్నాడు.

"ఏమంటుందండీ?" మామగారి గొంతు అప్పుడే స్టేషను మెట్లెక్కిన పిటిషనుదారుడి గొంతులా ఉంది.

"మీరు రాయించిన ధర డెబ్బై వేలు కదా మామయ్యగారూ. నూటికి ఇరవై చొప్పున పద్నాలుగు వేలంట, పైసా తగ్గదంట. ఈ వెయ్యి అడ్వాన్సు కింద జమ కట్టుకుంటోంది."